నా రెయిన్‌కోటు

హలో… ఆ, నేనేనండీ… ఇంకెవరనుకున్నారు, ఆ కొత్త ఇంజనీరమ్మనా?

…నాకేం, బ్రహ్మాండంగా ఉన్నా. కట్టు కట్టిన కాలు దిండు మీద, కళ్ళు కిటికీ మీద.

ఆ… ఫోటో వచ్చింది. వరద తగ్గింది, డ్యాము తట్టుకుందని అందరూ కట్టెక్కి ఫోటో దిగారుగా, చూశా. మీ పక్కన నిలబడింది ఆవిడేనా?… పొడుగ్గా ఉందే… అబ్బే, ఊరికే అడిగా.

కుళ్ళా?… అవును, కుళ్ళే. దాచుకోవడం దేనికి. వానలకి ముందు ఆ మట్టికట్ట పొడుగునా మీతో నడిచిందెవరు? ఎలుక బొరియలు వెతికి పూడ్పించిందెవరు? అక్కడే జారి కాలు విరగ్గొట్టుకున్నా. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో చూడని వరద నేను మంచమెక్కాక వచ్చింది. అందులో మీ వెంట తిరిగిందేమో ఆవిడ.

పైగా ఒంటి మీద ఆ పసుపు కోటు నాదే కదూ?… తడిసిపోతోందని ఇచ్చారా. ఎంత జాలిగుండె. సొమ్మొకరిది, సోకొకరిది.

…పెట్టేయకండి, ఉండండి. ఫోటో పెద్దది చేసి చూస్తున్నా… ఆవిడ భుజం మీద చెయ్యి ఎవరిదా అని… నవ్వకండి… సరేలెండి, మీది కాదు.

…ఏమండీ.

ఆవిడ కాళ్ళ వెనకాల, నీళ్ళ వైపు అంచున, ఆ గీతేంటి?… టైరు జాడ కాదు. అంత అంచుకి ఏ బండి పోతుంది?… నీళ్ళ వైపు వాలు చూశారా, పొద్దున్నుంచి?… బయటి వాలు ఒక్కటే చూశారా…

గేట్లు ఇంకా ఎత్తే ఉన్నాయా?… నీళ్ళు అంత తొందరగా దిగాయా? నానిన మట్టికి ఇప్పటిదాకా ఆ నీళ్ళే ఆసరా అండీ. ఒక్కసారి లాగేస్తే జారిపోదూ? అది పగులు. గేట్లు దించమనండి, నెమ్మదిగా వదలమనండి.

ఇప్పుడెక్కడున్నారు?… ఆవిడ?… అంచునా? పిలవండి… వినబడకపోతే వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కురండి… అవును, నేనే చెబుతున్నా. చెయ్యి పట్టుకునే. ఫోన్ పెట్టేయకండి—

…

హలో… ఏమండీ…

…

ఎవరూ… నువ్వా అమ్మా. ఆయనేరీ?… ఫోన్ నీ చేతిలో పెట్టి గేట్ల దగ్గరికి పరిగెత్తారా. మరి నువ్వు… రోడ్డు మీదకి వచ్చేశారా, అందరూ?… జారిందా?… నువ్వు నిలబడ్డ చోటే.

…పై అంచు వరకేనా. కట్ట నిలబడింది కదా?… హమ్మయ్య.

ఏడవకు తల్లీ… నా కంటి గొప్పేం లేదు. నేను ఆ ఫోటోలో వెతికింది పగులు కాదులే. దేనికోసమో ఆయన్నడుగు, చెబుతారు.

…కోటా? ఇవాళ్టికి వేసుకో. ఉతికి తీసుకురా… ఆయన చేత పంపకు, నువ్వే రా. వరద ఎలా ఉందో మొదట్నించీ నాకు చెప్పాలి… ఆయన నోట వింటే కడుపు మండుతుందమ్మా. ఉంటా.