కండక్టరు పిన్ని మిరపమొక్క

నర్సు మూడు టమాటా కుండీలు తెచ్చి టీ కొట్టు బల్ల పక్కన పెట్టింది. రేపటి నుంచి పది రోజులు ఆమెకు వేరే ఊళ్ళో డ్యూటీ. వీధి మొత్తానికి ఎండ బాగా పడే వరండా పిన్ని ఒక్కదానికే ఉంది.

పిన్ని అంటే పాతికేళ్ళు బస్సు కండక్టరుగా గొంతు చించుకుని రిటైరైన మనిషి. ఈమధ్య ఆవిడకి ఎవరూ ఏదీ అప్పగించడం లేదు. పాలు పొయ్యి మీద మరిచిపోతుందని ఒకరు, తాళం ఎక్కడో పెడుతుందని ఒకరు. అందుకే ఈ కుండీలు ఎలాగైనా తన చేతికే రావాలని పిన్ని పట్టుదల.

"మొక్కల పెంపకం నాకు చెబుతావా అమ్మాయ్? పోయినేడు ఒక్క మిరపగింజ నాటాను. నెల తిరక్కుండా జానెడు లేచింది!"

"జానెడేగా," అన్నాడు పక్క కొట్టు దర్జీ, సూదిలో దారం ఎక్కించుకుంటూ.

పిన్నికి చురుక్కుమంది. "జానెడన్నది ఆకు సంగతి నాయనా! మొక్క నా భుజం దాటింది. ఎండ ఎటు జరిగితే కుండీ అటు జరిపాను. మంచి మట్టి వేశాను, గాలి తగలనిచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పై వాటా వాళ్ళు కిటికీలోంచి చెయ్యి చాపి కాయలు కోసుకున్నారు. వాళ్ళ పైవాళ్ళు కూడా!"

"ఆ పైన వాటా లేదుగా పిన్నీ?" అన్నాడు టీ కొట్టాయన.

"అందుకేగా అక్కడివి పక్షులు తిన్నాయి! నోరు మండి ఒకటే పరుగు, సముద్రం దాకా! ఇక వేళ్ళంటావా, కింది వాటా గొట్టంలోకి దిగాయి. ఆయన కుళాయి తిప్పి మొహం కడుక్కుని వీధిలో గంతులేశాడు. చివరికి ఆ చెట్టు నీడలో ఏడు బస్సులు నిలబడేవి!"

నర్సు నవ్వుతూ కుండీలను పిన్ని వైపు కాస్త జరిపింది. పిన్ని చెయ్యి చాపింది.

"పిన్నీ, గుర్తులేదా?" అన్నాడు దర్జీ మెల్లిగా. "నీళ్ళు పోసినప్పుడల్లా, గుర్తు కోసం కుండీకి కట్టిన బస్సు టికెట్టుకి ఓ చిల్లు పొడిచేదానివి. ఒక్కరోజులోనే టికెట్టుకి పదకొండు చిల్లులు! నాలుగు ఆకులు వేసేసరికే వేళ్ళు కుళ్ళాయి. కుండీ కడిగింది నేనే."

పిన్ని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కాదని బుకాయించవచ్చు. కానీ ముందు తనకే నవ్వొచ్చింది.

"పదకొండా! చిల్లు పొడవడం గుర్తుండేది గానీ, అంతకుముందు పొడిచానా అని చూడటమే గుర్తుండేది కాదు. పాపం, నిండు బస్సులో మనిషిలా ఊపిరాడక పోయింది."

నర్సు కుండీలను పిన్ని ముందుకి తోసింది. "కుండీలు నీ దగ్గరే ఉంటాయి పిన్నీ. కానీ రోజూ పొద్దున దర్జీ అన్న మట్టిలో వేలు పెట్టి చూస్తాడు. ఆయన 'రైట్' అన్నాకే నువ్వు చెంబు వంచాలి."

పాతికేళ్ళు తను 'రైట్' అంటేనే కదిలిన బస్సులు! పిన్ని కుండీలు మూడూ ఒక్కసారే ఒళ్ళోకి లాక్కుంది.

"సరేనమ్మా, అలాగే కానీ. మరి టమాటాలు మేఘాలకి తగులుకుంటే, నిచ్చెన ఎవరి దగ్గర పెట్టి పోతున్నావు?"