తెలుగులో పెట్టుకున్న ఒట్టు

నవ్వండి టీచరమ్మా, నవ్వండి. మీకేం! జతలుగా కూర్చోమని చప్పట్లు కొట్టి, నన్ను తీసుకెళ్లి సరిగ్గా దాని పక్కనే పడేశారు. ఇంత గదిలో ఇంకెవరూ దొరకలేదా?

అది నా చెల్లెలే, కాదనను. ఒకే కుట్టుదుకాణం, ఒకే వరసలో మిషన్లు. పదకొండేళ్లుగా మాటల్లేవు. ఎందుకా? నేను ఎక్కించిన కోటు చెయ్యి వంకరపోయిందని, కొనేవాళ్ల ముందే కుట్లు విప్పి మళ్లీ కుట్టింది. నా దగ్గర సూది పట్టుకోవడం నేర్చుకున్నది! ఇక దానితో మాట్లాడనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నా. కత్తెర కావాలన్నా, మధ్యలో కాజాలు కుట్టే ముసలాయనతో అడిగించేదాన్ని. పాపం, అటూ ఇటూ తిరిగి తిరిగి ఆయన మెడ పట్టేసింది.

నిజంగా వంకరగా ఉందా అంటారా? ఉంటే ఉంది! ఇంటికొచ్చి చెప్పకూడదూ?

ఇప్పుడు దుకాణం కొన్నావిడకి ఫ్రెంచి తప్ప రాదట. అందరూ నేర్చుకుని తీరాలట. నా సంతకం వేలిముద్రకి ఒక మెట్టు పైన. అరవయ్యేడో ఏట నాకు అక్షరాభ్యాసం!

మీరేమో బోర్డు మీద 'వులువార్' అని రాశారు. కావాలి అనడానికట. 'ఝ వో' అంటే నాకు కావాలి. మూతి సున్నాలా చుట్టాలి, గాలి వదలాలి. అబ్బో, ఎంత కసరత్తు! పుట్టి బుద్ధెరిగి నేనెవర్నీ ఏదీ కావాలని అడిగినదాన్ని కాదు, తెలుగులో కూడా.

మా చెల్లెలు మీరిచ్చిన టీ బొమ్మ కార్డు నా ముక్కు కింద పెట్టి, "త్యు వో?" అంది. నీకు కావాలా అని. ఒళ్లు మండింది. పెద్దదాన్ని, గౌరవంగా 'వూలే వూ' అనక్కర్లా? మీరేమో ఇంటివాళ్లని అలా అనరన్నారు. ఇంటివాళ్లట!

"నోఁ" అన్నాను.

ఒట్టు తప్పానా? ఎలా తప్పుతాను? పెట్టుకున్నది తెలుగులో. ఫ్రెంచి దాని కిందకి రాదు. అంతా ఆలోచించుకునే నోరు తెరిచాను.

ఇక ప్రతి మంగళవారం అదే వరస. రొట్టె కావాలా, కుర్చీ కావాలా. అది అడగడం, నేను కసరడం. పోయిన వారం బొమ్మలన్నీ పక్కకి తోసేసి, "నీకేం కావాలి?" అంది, ఫ్రెంచిలోనే. ఉత్తినే! మీరు నేర్పిన వస్తువులే ఆరు. ఏం చెప్పను? గొడుగన్నాను. తెల్లారేసరికి నా మిషను మీద కొత్త గొడుగు! బయట ఎండ మాడ్చేస్తోంది. తిక్కది.

ఇవాళ మీరు పరీక్ష పెట్టారు. అది నాలుగక్షరాలు వచ్చినది, గట్టెక్కుతుంది. పై తరగతి గురువారమట. నేనేమో మంగళవారం ఇక్కడ కూర్చుని గోడతో చెప్పుకోవాలి, కావాలి, కావాలి అని.

ఏంటీ? తెలుగులోనే పలకరించమంటారా? ఆహా, ఎంత తేలిక! ముందెవరు, నేనా?

ఆ జవాబు కాగితాలు లెక్కపెట్టుకోండి. ఒకటి తగ్గుతుంది, దానిది. మీరు బోర్డు తుడుస్తుంటే నేనే తీశాను. యాభై ఏళ్లలో ఒకరి దారప్పోగు ముట్టుకోనిదాన్ని. నా సంచీలో ఉంది. ఇవ్వను.

వెళ్లి దానికే చెప్పండి. ఎందుకు తీశావని ఫ్రెంచిలోనే అడగమనండి. జవాబుకి నా దగ్గర ఒక్క క్రియ ఉంది, చాలు.