ఓటీపీ ఎవరికీ చెప్పగూడదు

పెద్దారవీడు దగ్గర బీడు భూముల్లో గొర్రెలు మేపుతున్న తల్లికి, సరిహద్దులోని మిలిటరీ క్యాంపు ఆఫీసు ఫోను నుంచి సైనికురాలైన కూతురు ఫోను చేసింది.

“అమ్మా, నీ ఫోనుకు ఇప్పుడే ఒక మెసేజ్ వచ్చింటాది. అందులో ఉండే ఆరంకెలు చెప్పు.”

“ఓటీపీనా? చెప్పను.”

“నేనేనమ్మా. ఇక్కడ మా సొంత ఫోన్లు లోపలికి రానియ్యరని నా ఆన్‌లైన్ కాలేజీకి నీ నంబరే ఇచ్చినా గదా. ఈరోజు డిగ్రీ రిజల్టు. తొందరగా చెప్పు, మళ్లీ డ్యూటీ ఎక్కాల.”

“గొంతు మార్చి మాట్లాడే దొంగలుంటారని నువ్వే చెప్పినావు. చిన్నప్పుడు నిన్ను కుమ్మిన పొట్టేలు ఏ రంగుది?”

“అది నన్ను యాడ కుమ్మింది? అన్నను కుమ్మింది. నేనే దాని కొమ్ములు పట్టుకొని నిలబెట్టినా.”

“అయితే నువ్వే. ఉండు, చూసి చెప్తా. నాలుగు, ఒకటి, ఎనిమిది, ఎనిమిది, సున్నా, ఏడు.”

“ఇక్కడి కంప్యూటర్లో కొట్టినా. వస్తా ఉండాది... అమ్మా, పాసైనా. ఫస్ట్ క్లాసు.”

“మూడేండ్లు రోజూ తుపాకి దించినంక పుస్తకం పట్టినావు. రాక యాడికి పోతాది?”

“అది సరే. నీకు అంకెలు రావు గదా, పక్కన ఎవరు చదివి చెప్పినారు? నీతో గొర్రెలు మేపే కావ్యక్కా?”

“ఎవరికీ చూపించగూడదంటివి గదా. అటక మీద నుంచి నీ పాత పలక దించి నేనే నేర్చుకున్నా. అన్నీ తొందరగానే వచ్చినాయి. ఆ ఎనిమిదే, నెల రోజులు సతాయించింది.”

“ఈరోజు రెండు ఎనిమిదులు వచ్చినాయి గదమ్మా.”

“రానీలే. రెండూ చదివినా గదా.”