వాకిలి కాపరి ఫాగ్బెమి చావు గురించి ఇబియెమి చెప్పినది

1838 మార్చి 21, బుధవారం, పొద్దున పదకొండు గంటలకు ఫ్రీటౌన్ పోలీసు మేజిస్ట్రేటు గారి ఎదుట ముద్దాయి చెప్పుకున్నది. ముద్దాయికి ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు కనుక తన భాషలో చెప్పింది. కోర్టు దుబాసీ తిప్పి చెప్పగా గుమాస్తా రాసుకున్నాడు.

నా పేరు ఇబియెమి. ఓడ దిగిన రోజున ఇక్కడి పుస్తకంలో హన్నా అని రాశారు. ఏ పేరు పెట్టి పిలిచినా పలుకుతాను. వయసు ఇరవై తొమ్మిది ఉండొచ్చు. బట్టలకి నీలిమందు రంగు వేసి అమ్ముకుంటాను. మా ఆయన వడ్రంగి. ఇద్దరు పిల్లలు. ఊరికి తూర్పు చివర, వాగు పక్కన ఉంటాం. నేను పుట్టిన ఊరు ఇలొకె. ఇప్పుడా ఊరు లేదు.

నా మీద మోపిన నేరమేమిటో దుబాసీ రెండుసార్లు చెప్పాడు. అర్థమైంది. ఎవరూ నన్ను బెదిరించలేదు.

చనిపోయిన ఫాగ్బెమి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా ఊరి చుట్టూ మట్టిగోడ ఉండేది. దానికి నాలుగు వాకిళ్ళు. పడమటి వాకిలికి అతను కాపరి. అతని ఎడమకంటి రెప్ప సగం వాలి ఉండేది. ఈ కన్ను పడుకుంటుంది, ఆ కన్ను కాపలా కాస్తుంది అని పిల్లలతో అనేవాడు. మేమంతా బాబాయ్ అని పిలిచేవాళ్ళం. మా చెల్లెలు మొరేనికె అతన్ని ఆటపట్టించకుండా వాకిలి దాటేది కాదు.

"బాబాయ్, ఇవాళ కాపలా ఏ కంటిది?" అనేది.

"ఇవాళ రెండు కళ్ళూ నీ నోటికే కాపలా కాస్తున్నాయే" అనేవాడు.

దాన్ని కని మా అమ్మ చనిపోయింది. దాన్ని వీపున కట్టుకుని పెంచింది నేనే. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు.

పన్నెండేళ్ళ కిందట, వానలు ఇంకా మొదలవలేదు, సంతరోజు పొద్దున మనుషుల్ని పట్టి అమ్మే గుర్రాలవాళ్ళు మా ఊరిని చుట్టుముట్టారు. చుట్టుపక్కల ఊళ్ళు అప్పటికే కాలిపోయాయి. మా నాన్న మగ్గం మీదనుంచి లేచి గోడ దగ్గరికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. మిట్టమధ్యాహ్నం ఫాగ్బెమి మా వాడకి పరిగెత్తుకొచ్చాడు.

"రండి, రండి! మా ఇంటివెనక గోడకి తూము ఉంది, వాననీళ్ళు పోయే తూము. వంగితే ఆడవాళ్ళు కూడా దూరొచ్చు. అవతలంతా అడవే" అన్నాడు.

పదకొండుమందిమి వెళ్ళాం. చెల్లెల్ని ముందు తోసి, దాని వెనక నేను దూరాను. అవతల అడవి ఉన్నమాట నిజమే. అడవికీ మాకూ నడుమ గుర్రాలవాళ్ళు ఉన్నారు. నిలబడి కూడా లేరు. కింద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకు తింటున్నారు. వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారని తెలిసినవాళ్ళు కూర్చున్నట్టు కూర్చున్నారు.

తూములోంచి ఆఖరున ఫాగ్బెమి వచ్చాడు. మా చేతులు కట్టారు. అతని చేతులు కట్టలేదు.

తొమ్మిది రోజులు నడిపించారు. ఫాగ్బెమి మాతోనే నడిచాడు. నన్ను ముందు తాడులో కట్టారు, చెల్లెల్ని వెనక పిల్లల తాడులో కట్టారు. తొమ్మిదో రోజున ఏరు వచ్చింది. పెద్దవాళ్ళని ముందు పడవలో దాటించారు. అవతలి ఒడ్డు ఎక్కి వెనక్కి చూశాను. పిల్లలింకా ఆ ఒడ్డునే ఉన్నారు. మొరేనికె చెయ్యి ఫాగ్బెమి చేతిలో ఉంది. తాడు లాగారు, నడిచాను. దాన్ని మళ్ళీ చూడలేదు. అతన్ని మళ్ళీ చూసింది పోయిన బుధవారమే.

మమ్మల్ని అమ్మాక ఎక్కించిన ఓడ గురించి మేజిస్ట్రేటు దొరగారు అడిగారు. అదంతా ఇక్కడికి వచ్చిన ఏడాదే చెప్పాను, ఇంకో పుస్తకంలో రాసి ఉంటుంది. ఒక్కటి చెప్తాను. ఓడ అడుగున నలభై రోజులు నా భుజానికి భుజం ఆనించి పడుకున్న మనిషి పేరు నాకు తెలియదు. నేను అడగలేదు. నా నోట్లో ఒక్క పేరే ఉంచుకోవాలనుకున్నాను. ఇంకో పేరు వస్తే అది జారిపోతుందని భయం. తర్వాత ఇంగ్లీషు యుద్ధపు ఓడ మా ఓడని పట్టుకుని, మమ్మల్ని విడిపించి ఇక్కడ దింపింది.

అప్పటినుంచీ ఇక్కడికి ఏ ఓడని పట్టుకొచ్చినా, విడిపించిన మనుషుల్ని ఉంచే ఆవరణ దగ్గరికి వెళ్తాను. నేనొక్కదాన్నే కాదు, మావాళ్ళంతా వెళ్తారు. కటకటాల దగ్గర నిలబడి ఎవరి ఊరి పేరు వాళ్ళు కేకేస్తారు. నేను ఇలొకె అని కేకేస్తాను, తర్వాత మొరేనికె అని. ముప్పై ఓడలకి పైగా వెళ్ళాను. ఒకసారి పురిటి మూడో రోజున వెళ్ళాను. మా ఆయన తిట్టాడు. తిట్టి, గొడుగు పట్టుకుని వెనకే వచ్చాడు.

మార్చి 14, బుధవారం, పొద్దున పది గంటలప్పుడు నేను రంగు కుండ దగ్గర ఉన్నాను. మా పక్కింటి యేజిదె, చేపలమ్మే ఆవిడ, వచ్చి పోర్చుగీసు జెండా ఓడ ఒకటి వచ్చింది, మనుషుల్ని దింపేశారు అని చెప్పింది. ఉన్నపళాన లేచాను.

"చేతులైనా కడుక్కోవే, మోచేతులదాకా కారుతోంది" అంది.

"ఆలస్యమైతే పల్లెలకి పంచేస్తారు, పద పెద్దమ్మా" అన్నాను.

ఆ రోజు కటకటాల తలుపు తీసే ఉంది. అన్నం గంగాళాలు లోపలికి మోస్తున్నారు. మేమూ, మాతోపాటు ఇంకో ఇరవై ముప్పై మందీ లోపలికి వెళ్ళాం. ఆడవాళ్ళ వరుస అంతా చూశాను. మొరేనికె అని పిలిచాను. ఎవరూ తలెత్తలేదు. మగవాళ్ళ వరుస పక్కనుంచి తిరిగి వస్తుంటే ఆ వాలిన రెప్ప కనపడింది. జుట్టు నెరిసింది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. అప్పుడే ఇచ్చిన కొత్త తెల్లచొక్కా తొడుక్కుని ఉన్నాడు.

అతనే ముందు గుర్తుపట్టాడు. నవ్వాడు.

"ఎవరూ? నేతగాడి పెద్దకూతురివి కదూ! ఎంత మనిషివయ్యావమ్మా!" అన్నాడు.

అది నటన కాదు. ఊరిమనిషి కనపడిందని నిజంగానే సంతోషపడ్డాడు. అమ్మినవాడు నన్ను చూసి సిగ్గుపడతాడనో, దణ్ణం పెడతాడనో పన్నెండేళ్ళు అనుకున్నాను. నవ్వుతాడని ఒక్కనాడూ అనుకోలేదు.

"వీడే! మమ్మల్ని తూములోంచి తోలి అమ్మింది వీడే!" అని అరిచాను. ఆ మాట నాదే. ఇంకెవరిదీ కాదు.

మొదటి దెబ్బ కొట్టిన మనిషిది మా ఊరు కాదు. ఫాగ్బెమిని అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కొడుతూ తన బావమరిది పేరు పెట్టి తిట్టాడు. ఒకామె ఇంకెవరో ముసలామె పేరు పెట్టి తిట్టింది. ఇంకొకడు వాళ్ళ ఊరి పెద్ద పేరు పెట్టి తిట్టాడు. తమని అమ్మినవాళ్ళ పేరు ఎవరికి వాళ్ళు అరిచారు. అన్ని పేర్లకీ అక్కడ దొరికినవాడు ఒక్కడే. ఆవరణ కాపలావాళ్ళు ఇద్దరూ మమ్మల్ని లాగి చూశారు, వాళ్ళకీ దెబ్బలు తగిలాయి.

నేనూ కొట్టాను. ఇక్కడ బల్ల మీద పెట్టిన చొక్కా అతనిదే. దాని మీద రొమ్ము దగ్గర ఉన్న నీలం చెయ్యి నాదే. రెండోది, మెడ దగ్గరది కూడా నాదే. వేరెవరినీ అడగక్కర్లేదు.

పడిపోతూ అతను "ఆగమ్మా, చిన్నదాని సంగతి" అన్నాడు. అంతే విన్నాను. అప్పుడు గుర్తొచ్చింది, దాని సంగతి తెలిసినవాడు ఈ లోకంలో వీడొక్కడే అని. ఆపండి, ఆపండి అని అరిచాను. అతని మీద అడ్డంగా పడ్డాను. నా వీపు మీదా తగిలాయి. వీడే అని అరవడానికీ ఆపమని అరవడానికీ మధ్య ఎంతసేపు అని దొరగారు అడిగారు. బట్టని కుండలో ముంచి, నానబెట్టి తీసినంతసేపు. తక్కువ కాదు.

తక్కినవాళ్ళ పేర్లు చెప్పమన్నారు. చెప్పను. దానికి వేరే శిక్ష ఉంటే వెయ్యండి.

అతన్ని కొండకింద ఆసుపత్రిలో పెట్టారు. గురువారం పొద్దున మొక్కజొన్న జావ కాచి తీసుకెళ్ళాను. జాలిపడి కాదు. దవడ విరిగింది కనుక జావ తప్ప దిగదని యేజిదె చెప్పింది. మాట బయటికి రావాలంటే మనిషి బతకాలి. చెంచాతో పోశాను. ఆ రోజు నీళ్ళు అన్న మాట తప్ప ఇంకో మాట అనలేదు.

శుక్రవారం కాస్త తేరుకున్నాడు. "ఆ రోజు గుర్రాలవాళ్ళు మా అబ్బాయిని పట్టుకున్నారమ్మా, పదిమందిని తెస్తే వదులుతామన్నారు" అన్నాడు.

"మేం పదకొండుమందిమి బాబాయ్" అన్నాను. బాబాయ్ అనకూడదనుకున్నాను. వచ్చేసింది.

కొడుకుని వదిలారా అని అడిగితే, మూడేళ్ళు వదిలారు అన్నాడు. తర్వాత ఆ గుర్రాలవాళ్ళకే పట్టుకోవడానికి ఊళ్ళు మిగల్లేదు. కొడుకునీ పట్టుకున్నారు, నిరుడు అతన్నీ పట్టుకున్నారు. మీ తాడు నాకూ కట్టారమ్మా అన్నాడు. చెల్లి సంగతి చెప్పమన్నాను.

ఏటి ఒడ్డున కుండలు చేసే ఆవిడ ఉంది, పిల్లలు లేరు, దాన్ని ఆవిడ చేతిలో పెట్టాను, ఊరికే ఇచ్చాను, మట్టి తొక్కుతూ నవ్వుతోంది అని చెప్పాడు. ఆ ఊరి పేరు అడిగాను. అలిసిపోయాను రేపు చెప్తానన్నాడు. ఆ రోజు ఇంటికి వెళ్ళి పిల్లలకి నీళ్ళుపోస్తూ పాట పాడాను. మా ఆయన ఏమైంది నీకు అన్నాడు.

శనివారం వెళ్ళాను. ఒళ్ళు కాలిపోతోంది. ఊరి పేరు అడిగాను.

"ఏ ఊరు?" అన్నాడు.

"కుండలావిడ ఊరు."

"దానికి దారిలోనే జ్వరం తగిలిందమ్మా. ఏటి దగ్గర నా చేతుల్లోనే పోయింది. అక్కడే పూడ్చాను" అన్నాడు.

"నిన్న బతికుందన్నావు కదా?"

"అన్నానా?"

"అన్నావు. మట్టి తొక్కుతూ నవ్వుతోందన్నావు. ఏది నిజం బాబాయ్?"

మంచి కన్నుతో నన్ను చూశాడు. "నీకు ఏది కావాలి?" అన్నాడు.

వెటకారంగా అనలేదు. సంతలో కొనేవాళ్ళని అడిగినట్టూ అనలేదు. నాకు ఏదో ఒకటి ఇవ్వాలని ఉంది, ఏది ఇవ్వాలో తెలియక అడిగాడు. జావ గిన్నె కింద పెట్టి బయటికి వచ్చేశాను. ఆదివారం పొద్దున ప్రార్థన గంట కొట్టేటప్పుడు మళ్ళీ వెళ్ళాను. మంచం ఖాళీగా ఉంది. తెల్లవారుతుండగా పోయాడని అక్కడి మనిషి చెప్పాడు.

చంపాలనే కొట్టావా అని దొరగారు అడుగుతున్నారు. ఆ బుధవారం వాడు చావాలనుకున్నాను. ఆ తర్వాత నాలుగు రోజులు, అయ్యా, మా పిల్లలు జబ్బుపడ్డప్పుడు కూడా అంతగా మొక్కుకోలేదు, వాడు బతకాలని. రెండూ నిజమే. ఒకదాన్ని కొట్టేసి ఇంకోదాన్ని ఉంచకండి.

ముద్దాయికి రక్తసంబంధం ఉన్నవాళ్ళెవరని గుమాస్తాగారు అడిగారు. నా ఇద్దరు పిల్లల పేర్లు చెప్పాను, మొరేనికె పేరు చెప్పాను. చెల్లెలు ఉందా, పోయిందా అని అడిగారు. ఉంది అని రాయమన్నాను. తెలియదు అని రాయాలి కదా, ప్రమాణం చేసి చెప్తున్నావు అన్నారు. తెలియదు అని రాయొద్దు. పన్నెండేళ్ళు నేను కటకటాల దగ్గర నిలబడింది తెలియకే. నీకు ఏది కావాలి అని ఆ శనివారం అతను అడిగినదానికి నేను చెప్పకుండా వచ్చేసిన జవాబు ఇది. ఉంది అని రాయండి.

రాసినదంతా దుబాసీ నా భాషలో చదివి వినిపించాడు. నేను చెప్పినట్టే ఉంది. ఇందులో నేను చూసిందీ చేసిందీ అంతా నిజం. చెల్లెలి గురించి రాసిన ఆ ఒక్క మాట నిజమని మాత్రం నేను ప్రమాణం చెయ్యలేను. అయినా దాన్ని కొట్టేయడానికి ఒప్పుకోను.

ఇబియెమి అనే హన్నా నిశానీ: X

నా ఎదుట పెట్టిన నిశానీ. ‘ఉంది’ అన్న మాటకి అడ్డగీత గియ్యలేదు. — గుమాస్తా