బండి లేని టైంటేబుల్

బిలాస్‌పూర్ రైల్వే క్వార్టరు, 1996. ఆవిరి ఇంజన్లు ఆగిపోయాక స్టోరు కాపలాకి మారిన పాత డ్రైవరు వాకిట్లో కూర్చున్నాడు. ఊరి పక్కనే కోని యూనివర్సిటీలో ఫిజిక్సు ఎమ్మెస్సీ చదివే కూతురు వచ్చి పక్కన నిలబడింది.

“నాన్నా, పీహెచ్‌డీకి క్వాంటమ్ కంప్యూటర్ టాపిక్ తీసుకుంటాను. రేపు సారుకి చెప్పీయాలి.”

“రిజర్వేషన్ ఆఫీసులో పెట్టారు, ఆ కంప్యూటరేనా?”

“నహీ నాన్నా. అందులో ప్రతి బిట్టూ సున్నా, లేకపోతే ఒకటి. ఇందులో రెండూ కలిసి ఉండొచ్చు. లెక్క నడుస్తుంటే తప్పు జవాబులు ఒకదాన్నొకటి కొట్టీసుకుంటాయి, సరైంది బలపడతాది.”

“అచ్ఛా. ఇంజన్లో బొగ్గు మండే ఫైర్‌బాక్సులోకి చూసినట్టు మధ్యలో తలుపు తీసి చూడొచ్చా?”

“చూస్తే చెడిపోతాది. కాస్త వేడి తగిలినా, అదిరినా చెడిపోతాది.”

“గూడ్సు బండెళ్తే మనింట్లో గ్లాసులే అదురుతాయి కదే! మరి ఆ మిషనెక్కడుంది? కోనిలోనా?”

“లేదు.”

“బొంబాయిలోనా?”

“ఎక్కడా సరిగ్గా తయారవలేదు నాన్నా. ఆల్గారిథమ్, మత్లబ్ లెక్క చేసే పద్ధతి, అది మాత్రం రాసీసారు.”

“అంటే టైంటేబుల్ వేసీసారు, బండి నేదు.”

“వస్తాది.”

“ఎప్పుడు?”

“తెల్దు.”

“ఎవులికీ తెల్దా?”

“ఎవులికీ తెల్దు. నువ్వు వద్దంటే మానేస్తాను.”

“వద్దని ఎలగంటానే? భయమేస్తంది. నాకు పనొచ్చు, ఇంజన్ పోయింది. నువ్వూ పని నేర్చుకుంటావు, ఇంజనింకా రానేదు. ఒకే ఇంట్లో ఇద్దరం ఏటి నడుపుతామే?”