మా నాయిన ఇంజన్

"అవ్వా, అల్మారల ఉన్న గీ కట్టె ఇంజన్ తాతనే చేసిండా?"

మీ తాత గాకపోతే ఇంకెవ్వరు చేస్తరే పిల్లా. జర పైలం, పొగగొట్టం పట్టి లేపకు, కిందికెళ్లి పట్టుకో. ఆఁ, గట్ల. ఒడిల వెట్టుకొని కూసో, చెప్త.

తెలంగాణ రాకముందు... కాదు కాదు, వచ్చినంకనే, మీ అత్త పెండ్లి అయినంక. రెడీమేడ్ తలుపులొచ్చె, మీ తాతకు తలుపులు జేసే వడ్ల పని తగ్గె. ఇంట్ల ఊకె కూసుంటే మనిషికి తిక్క లేస్తది గదా. కట్టె రైళ్లు చేసుడు పట్టిండు. ఫోన్ల బొమ్మ జూసుడు, చెక్కుడు. టేకు పొట్టు నా కూరల సుత పడుతుండె. ఒకనాడు నేనన్న, "ఎవరి ఇంజన్లో ఎందుకయ్యా, మా నాయిన ఇంజన్ చెయ్యరాదూ" అని.

మా నాయిన ఎరుకేనా నీకు? నీకేడెరుక, నాకే ఎరుక లేదు. పాలమూరు మీదికెళ్లి పోయే చిన్న లైను బండిల బొగ్గేస్తుండె. గప్పుడు ఆ బండెక్కి పట్నం పోయొచ్చే పైసలకు ఇప్పుడు చాయ సుత రాదు. సరే, అది ఇడువు. నేను పాలు తాగే పిల్లనున్నప్పుడే జెరమొచ్చి పోయిండు. ఉన్నదొక్కటే ఫోటో. దసరనాడు ఇంజన్‌కు పూజ జేసి, దాని పక్కకు నిలవడి దిగిండు. మొఖం మాసిపోయింది, కండ్లేవో ముక్కేదో తెల్వది. ఇంజన్‌నన్న మంచిగ చేపిచ్చుకుంటే మా నాయిన జర దగ్గరికొచ్చినట్టయితదని నా ఆశ.

ఫోటోల ఇంజన్ సుత సక్కగ కనవడదు. అరటి చెట్లు, బంతిపూల దండలు, మామిడాకులు. నంబరు మీదనే దండ వడ్డది. కానీ ముంగట దీపం కింద గుండ్రంగ ఒకటి ఉబ్బుకొచ్చి ఉండె. మీ తాత భూతద్దం వెట్టి జూసి, "గిదేందో పెద్ద సామానే. గిసొంటిది ఏ ఇంజన్‌కున్నదో అదే మీ నాయినది" అన్నడు. ఇగ సూడు, ఫోన్ల పాత ఇంజన్లన్ని ఎతికిండు. పట్నంల ఒక జాగల చిన్న లైను ఇంజన్ను జనం సూడనీకె నిలవెట్టిండ్రంటే పోయినం. దాని ముంగట ఆ ఉబ్బు లేదు. "ఇది కాదు, నడువు" అని నన్ను దాని దగ్గరికి సుత పోనియ్యలే. ఇంటికొచ్చి మల్ల ఎతుకుడే. ఆ గుండ్రందాన్ని మాత్రం ముందుగాలనే చెక్కి, పాలిష్ వెట్టి నున్నగ జేసి పెట్టుకున్నడు.

ఆఖరికి గద్వాలల ఖాసిం చాచా అని, అదే లైన్ల డ్రైవర్ జేసి రిటైరైనాయన ఉన్నడంటే పోయినం. ఫోటో జూసిండు, మీ తాత చెక్కినదాన్ని జూసిండు. ఇగ నవ్వుడే నవ్వుడు, దగ్గొచ్చేదాంక నవ్విండు. "అరె భాయ్, గది సామాను కాదు, గుమ్మడికాయ! దిష్టికి కట్టిండ్రు. దసరకు మేం సుత కడుతుంటిమి. మీరు పట్నంల జూసొచ్చిన అసొంటిదే గీ ఇంజన్" అన్నడు. మీ తాత మొఖం సూడాలె నువ్వు! ఇచ్చిన చాయ సుత తాగలే. వచ్చేటప్పుడు బస్సుల నాకు నవ్వాగదు, ఆయనేమో కిటికిల్నుంచి బయటికే సూస్తుండె, పాపం.

మల్ల పోయినం పట్నం. మీ తాత టేపు పట్టుకొని కొలుసుకుంట కొలుసుకుంట, "ఏమే, మీ నాయిన నిలవడ్డ కాడ నిలవడు, కొలతకు అక్కరకొస్తది" అన్నడు. పెద్ద చక్రం పక్కకు నిలవడ్డ. ఫోటో ఒకసారి, నన్నొకసారి జూసిండు. జర ఇటు జరుగన్నడు. మల్ల జూసిండు. టేపు చుట్టి జేబుల వెట్టిండు. ఏమైందయ్యా అంటే మెల్లగన్నడు, "చక్రం ఆయనకు ఛాతీ కాడికి వస్తాంది, నీకు సుత గాడికే. నీ అంతే ఉండె మీ నాయిన."

మా అమ్మేమో ఎప్పుడడిగినా, తాటిచెట్టంత మనిషి, తలుపుల వంగి వస్తుండె అంటుండె. ఇన్నేండ్లు నేను గట్లనే అనుకున్న. అత్తగారింట్ల నన్ను పొట్టిదానా అని పిలుస్తుండిరి, ఎవరి పోలికనో అని నవ్వుతుండిరి. ఆ ఇంజన్ ఇనుము పట్టుకొని ఏడ్సిన పిల్లా, జనమంత సూస్తుండంగ. మొఖం తెల్వకపోతే తెల్వకపాయె. ఉండి ఉంటే, ఇద్దరం ఎదురుంగ నిలవడి కండ్లల్ల కండ్లు వెట్టి మాట్లాడుకుంటుంటిమి గదా...

నువ్వెందుకేడుస్తవే? పో, మీ నాయిన బయట ఉన్నడు, ఆయన పక్కకు వొయ్యి ఒకపారి నిలవడు. సల్లగుండుండ్రి బిడ్డా, ఇద్దరు.