కళింగపట్నం రేవులో ఆగని పడవ

బంగారయ్యని పూడిమడకలో అందరూ గాలి బంగారయ్య అనీవోరు. గాలెటునుంచి ఒస్తాదో ముక్కుతోనే సెప్పీవోడంట. ఇంజన్లు నేని కాలం కదా, తెరసాప కట్టుకుని పోడమే. ఆడు సుక్కాని పట్టుకున్నాడంటే ఇంక మీసం మీంచి సెయ్యి తియ్యడు. ఆడికి ఇద్దరు నేస్తులు, ఎల్లాజీ అనొకడు, పెంటన్న అనొకడు. పెంటన్నకి వండడం, తినడం, తొంగోడం తప్ప ఇంకోటి తెల్దు. నవ్వకండి, మనలోనూ ఉన్నారు అలాటోళ్ళు. ఏటైందంటే, ఒక ఏడు ముగ్గురూ అనుకున్నారంట, ఎప్పుడు సూసినా ఏటకే పోతన్నాం, ఒక్కసారి వల ఒడ్డునే పడేసి, రేవు రేవునా దిగి ఊళ్ళు సూసుకుంటా బారువ దాకా పోయొద్దారా అని. పడవ ఎల్లాజీది, ఆళ్ళ నాయిన నాటిది. తెరసాపకి నడిమద్ది పసుప్పచ్చ గుడ్డతో ఇంతలేసి అతుకు. అది ఏసింది ఎల్లాజీ అక్క పైడమ్మ, పెళ్ళి కాకముందు.

ఈ పైడమ్మని కళింగపట్నం ఇచ్చినారు. అక్క కూతుర్ని సేసుకుంటానని మాటిచ్చి, ఎల్లాజీ ఏరే పిల్లని సేసుకున్నాడు. అక్కకి కోపం రాదా మరి? నా గుమ్మం తొక్కకు, నీ మొకం నాకు సూపించకు అనీసింది. ఏడేళ్ళు మాటల్నేవు. ఈ తిరుగుడు పెట్టుకున్నదే అందుకంట, దారిలో కళింగపట్నం తగుల్తాది, అక్క కాళ్ళ మీద పడిపోతే కొట్టినా తిట్టినా అయిపోద్దని ఎల్లాజీ మనసులో. ఇశాపట్నం రేవులో దిగి పెద్ద ఓడలు సూసినారు. భీమిలీలో దిగినారు, అక్కడ ఎల్లాజీ సంతలో ఎర్రగాజులు కొన్నాడు, అక్కకి. కొని, గుడ్డలో సుట్టి, మల్లీ ఇప్పి సూసుకుని, మల్లీ సుట్టి, అదే పని అనుకో.

ఆ భీమిలీలోనే తగిలింది తంటా. బారువోళ్ళ పడవొకటి అక్కడుంది. అందులో ఒకడు ఈళ్ళ సాప సూసి, ఈ అతుకుల బొంతతో బారువ దాకా ఏటొస్తార్రా, మజ్జిలో సిరిగిపోద్ది అని నవ్వినాడు. బంగారయ్యకి మండిపోయింది. మీకంటే ముందు బారువలో దిగకపోతే ఈ మీసం గీసేస్తాను సూడు అనేసినాడు. తెల్లారి రెండు పడవలూ కదిలినాయి. దచ్చినపు గాలి, సాప నిండా పట్టింది. పడవ ఎగురుకుంటా పోతంది అనుకో. బారువోళ్ళు ఎనకపడిపోయినారు గానీ మరీ దూరం కాదు. మర్నాడు ఎండెక్కీసరికి కళింగపట్నం దీపస్తంభం అవుపించింది. ఎల్లాజీ తల దువ్వుకుని, మంచి సొక్కా ఏసుకుని, ఒరే బంగారీ, ఇంక ఒడ్డుకి తిప్పు అన్నాడు.

"ఇప్పుడు తిప్పితే ఆళ్ళు దాటిపోతార్రా! వచ్చేటప్పుడు ఆగుదాం. రెండు దినాలుందాం, మీ అక్క ఏటి పారిపోద్దా?"

"ఇప్పుడు దిగకపోతే మల్లీ ధైర్యం సాలదురా నాకు."

"ఒక్క వారం. నా మాట ఇను."

ఎల్లాజీ మెత్తనోడు. ఒడ్డు సూడ్లేక సాపకి అవతల పక్కన, సముద్రం ఏపు తిరిగి కూకున్నాడు. పెంటన్న గుర్రు పెడతన్నాడు. అప్పుడు బంగారయ్య సూసినాడంట. ఇసకలో ఒక ఆడమనిషి పరిగెడతంది. పడవతో పాటే పరిగెడతంది. సెయ్యెత్తి కొంగు ఊపతంది. ఆ అతుకు అంత దూరం నించీ అవుపిస్తాది కదా. బంగారయ్యకి తెలిసిపోయింది ఎవురో. నోరు ఇప్పితే పడవ తిప్పాల. ఇప్పనేదు. మొకం తిప్పీసుకుని సాప ఏపు సూస్తా కూకున్నాడు. అంతే. బారువలో ముందు దిగినాడు, మీసం నిలబెట్టుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి. తొమ్మిది దినాలు పట్టింది. కళింగపట్నంలో దిగి ఎల్లాజీ గాజులట్టుకుని ఎల్తే, బావ అరుగు మీద కూకుని ఉన్నాడు, గుండు సేయించుకుని. పైడమ్మ పోయి ఐదు దినాలైంది. ఒక దినం సముద్రం ఒడ్డునించి ఎండలో ఒచ్చి పడుకుందిరా, జొరం, ఇంక లెగనేదు అన్నాడు. "నన్ను తలిసిందా బావా?" అనడిగినాడు ఎల్లాజీ. "నేదురా, అబద్ధం ఎందుకు సెప్పాల. ఏటీ మాటాడనేదు" అన్నాడు ఆయన. బంగారయ్య పక్కనే నిలబడున్నాడు. ఇన్నాడు. అప్పుడూ నోరిప్పనేదు.

ఇరవై ఏళ్ళు గడిసిపోయినాయి. ఎల్లాజీ కూతురికి సమ్మందం ఒస్తే ఆడు వణికిపోతన్నాడు. అక్క కోపంతోటే పోయింది, దాని ఉసురు పిల్లకి తగుల్తాదేమోరా అంటాడు. వల బాగుసేసుకుంటా కూకున్న బంగారయ్య ఇంక ఓర్సుకోనేకపోయినాడు. ఉసురూ నేదు, ఏటీ నేదు, మీ అక్క ఆ దినం ఒడ్డున పరిగెట్టి సెయ్యూపి నిన్ను పిలిసిందిరా, నాను సూసినాను, నీకు సెప్పనేదు అనీసినాడు.

ఎల్లాజీ తన సేతిలో వల దారం కింద పెట్టీసినాడు. "అయితే కోపం పోయిందన్నమాట దానికి" అన్నాడు. మొకం యెలిగింది కూడానంట ఒక్క నిమసం. మల్లీ అదే నోటితో, "పిలిసినా తమ్ముడు ఆగనేదనుకుని పోయుంటాది కదరా" అన్నాడు. "ఏ సీర కట్టుకుంది? నవ్వతందా, ఏడస్తందా? సెప్పరా" అని అడగతాడు ఎల్లాజీ. ఏటి సెప్తాడు? మొకం తిప్పీసుకున్నోడు ఏటి సూత్తాడు? "తెల్దురా" అన్నాడంట.

పిల్ల పెళ్ళి బాగానే అయింది. బంగారయ్యే దగ్గరుండి పందిరేసినాడు. ఎల్లాజీ ఆడితో మాటలు మాననేదు, సుట్ట ఇచ్చీవోడు, పలకరించీవోడు. గానీ ఆడు సుక్కాని పట్టిన పడవ మాత్రం మల్లీ ఎక్కనేదు. రమ్మని బంగారయ్యా ఎన్నడూ అడగనేదు.

అదీ సంగతి. నన్ను మా కోడలు ఎక్కిరిస్తాది, బస్సులో పోతా దారిన ఎవురు సెయ్యూపినా నాను ఊపుతానని. తెలిసినోళ్ళేటి, తెలీనోళ్ళేటి, నా సెయ్యి అరిగిపోద్దా? ఊపుతాను. సరే, లెగండి, ఎండెక్కింది.